డ్వేన్ ఆల్‌మన్ 'యాన్ ఆంథాలజీ': ఇతరుల పాటల్లో వినిపించే గిటారు

అమెరికన్ గిటారిస్టు డ్వేన్ ఆల్‌మన్ పేరు చెప్పగానే రాక్ సంగీతం వినేవారికి ముందుగా గుర్తొచ్చేది ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్, ఆ వెంటనే 1971 మార్చిలో న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్ వేదికపై ఆ బృందం చేసిన కచేరీల రికార్డు. ఆ రికార్డు అదే ఏడాది జూలైలో విడుదలైంది. అక్టోబరు 29న జార్జియా రాష్ట్రంలోని మేకన్‌లో మోటారుసైకిల్ ప్రమాదంలో డ్వేన్ చనిపోయాడు. అప్పటికి అతని వయసు 24 ఏళ్లు. మరుసటి ఏడాది క్యాప్రికార్న్ రికార్డ్స్ సంస్థ అతని స్మృతికి గుర్తుగా 'యాన్ ఆంథాలజీ' అనే రెండు ఎల్‌పీల (పెద్ద గ్రామఫోను రికార్డుల) సంకలనాన్ని తీసుకొచ్చింది. అంత పేరున్న సొంత బృందం ఉండగా, ఆ బృందం పాటలతోనే రెండు రికార్డులూ నింపేసినా అప్పట్లో ఎవరూ తప్పుపట్టేవారు కాదు. అయితే సంకలనం చేసినవారు ఆ దారిన పోలేదు. మొదటి రికార్డులో ఎక్కువ భాగాన్ని డ్వేన్ స్టూడియోలో ఇతర గాయకుల కోసం వాయించిన పాటలకే కేటాయించారు. ఈ సంకలనం మీద నాకున్న ఇష్టానికంతటికీ ఆ నిర్ణయమే కారణం.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. సొంత బృందంలో డ్వేన్ గొప్ప గిటారిస్టే, కానీ ఎంత గొప్పవాడో తెలియాలంటే ఇతరుల పాటల్లోనే వినాలి. వేదిక మీద అతనికి సమయం ఉంది. ఇరవై నిమిషాలైనా ఒకే పాటలో తిరుగుతూ ఉండవచ్చు. స్టూడియోలో ఆ వెసులుబాటు లేదు. పాట మరొకరిది, నిడివి మూడు నాలుగు నిమిషాలు, ఆ కాస్త నిడివిలో కూడా గాయకుడు మాట ఆపి ఊపిరి తీసుకునే చోట్లు మాత్రమే గిటారుకు దక్కుతాయి. అలాంటి ఇరుకులో కూడా అతను ఏ గాయకుడి గొంతుకు ఎలా బదులివ్వాలో పాట పాటకూ కొత్తగా ఆలోచించుకున్నాడు. మన కచేరీల్లో మంచి వయొలిన్ విద్వాంసుడు గాత్రజ్ఞుడి సంగతిని అందుకుని, దానికి తన మాట ఒకటి కలిపి, తిరిగి ఆయనకే అప్పగించినట్టుగా ఉంటుంది ఆ పని. ఆ రికార్డుల్లో చాలావాటిని విన్నవారికి వాయించినది ఎవరో తెలిసే వీలు కూడా లేదు, ఎందుకంటే ఆ రోజుల్లో సోల్ (నల్లజాతి గాయకుల ఒక పాటల శైలి) సింగిల్స్ లేబుల్ మీద గాయకుడి పేరు, పాట రాసినవారి పేరు, నిర్మాత పేరు ఉండేవే తప్ప వాద్యకారుల పేర్లు అచ్చు వేసే అలవాటు లేదు. చెల్లాచెదురుగా పడి ఉన్న ఆ గిటారు వాయింపులన్నిటినీ ఒక పేరు కిందకు చేర్చడమే 1972లో ఈ సంకలనం చేసిన అసలు పని.

మొదటి పాట ఎంపికలోనే ఆలోచన కనిపిస్తుంది. 1967లో డ్వేన్, అతని తమ్ముడు గ్రెగ్ కలిసి లాస్ ఏంజెలెస్ వెళ్లి, అవర్ గ్లాస్ అనే బృందంగా లిబర్టీ రికార్డ్స్‌కు రెండు ఆల్బమ్‌లు చేశారు. కంపెనీ వారికి పాప్ పాటలు కావాలి, అన్నదమ్ములకు బ్లూస్ కావాలి. 1968 ఏప్రిల్‌లో వీరు అలబామాలోని మజిల్ షోల్స్ పట్టణానికి వెళ్లి, ఫేమ్ స్టూడియోలో తమకు నచ్చిన పద్ధతిలో బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ పాటలను ఒక మాలికగా గుచ్చి రికార్డు చేశారు. లిబర్టీకి అది నచ్చలేదు, పక్కన పడేశారు. కొద్ది కాలానికే బృందం విడిపోయింది. ఆ మాలికతోనే ఈ సంకలనం మొదలవుతుంది. వింటుంటే ఇది ఇంకా నేర్చుకుంటున్న కుర్రవాడి వాయింపు అని తెలుస్తూనే ఉంటుంది, బి.బి. కింగ్ ప్రభావం ప్రతి వరుసలోనూ వినిపిస్తుంది. అయినా గ్రెగ్ గొంతు ఒక పాదం ముగించగానే అన్న గిటారు దాన్ని అందుకునే తీరులో తర్వాతి కాలపు డ్వేన్ అప్పుడే ఉన్నాడు.

బృందం పోయాక డ్వేన్ మళ్లీ మజిల్ షోల్స్ దారి పట్టాడు. ఫేమ్ యజమాని, నిర్మాత రిక్ హాల్ తర్వాతి కాలంలో చెప్పిన దాన్నిబట్టి, తన దగ్గర గిటారిస్టులు సరిపడా ఉన్నారని చెప్పినా ఈ కుర్రవాడు వదలలేదు, స్టూడియో దగ్గరే గుడారం వేసుకుని అవకాశం కోసం కాచుకుని కూర్చున్నాడు. అక్కడి వాద్యబృందం మామూలుది కాదు. గిటారు మీద జిమ్మీ జాన్సన్, డ్రమ్స్ మీద రోజర్ హాకిన్స్, కీబోర్డుల మీద బ్యారీ బెకెట్, బేస్ మీద డేవిడ్ హుడ్. 1969లో ఈ నలుగురూ బయటకు వచ్చి, పక్కనే ఉన్న షెఫీల్డ్‌లో మజిల్ షోల్స్ సౌండ్ స్టూడియోను సొంతంగా పెట్టుకున్నారు. సోల్ సంగీతంలో ఎంతో పేరున్న రికార్డులు చేసిన ఈ నలుగురూ తెల్లవారు, వారి ముందు నిలబడి పాడినవారిలో ఎక్కువమంది నల్లజాతి గాయకులు. జాతి విభజన ఇంకా కరుడుగట్టి ఉన్న అలబామాలో ఇది జరుగుతోందన్న సంగతి మనసులో పెట్టుకుని వింటే ఈ పాటల బరువు మరింత తెలుస్తుంది.

1968 నవంబరులో సోల్ గాయకుడు విల్సన్ పికెట్ ఫేమ్‌కు వచ్చాడు. రికార్డింగ్ సెషన్‌లో పాడటానికి పాటలు కుదరక తడుముకుంటున్న సమయంలో, బీటిల్స్ పాట 'హే జూడ్' పాడమని డ్వేన్ సూచించాడు. ఆ పాట అప్పటికి విడుదలై సుమారు మూడు నెలలే అయింది, అమెరికాలో పాటల ర్యాంకు పట్టికల్లో ఇంకా పైనే ఉంది. బీటిల్స్ మీదకు పోటీకి వెళ్లడం పిచ్చితనమని రిక్ హాల్ అభ్యంతరం చెప్పాడు. అయినా డ్వేన్ పట్టు వదల్లేదు. పొడుగు జుట్టు తెల్ల కుర్రవాడు, నల్లజాతి గాయకుడు కలిసి ఆ ఊళ్లో హోటలుకు వెళ్తే గొడవ తప్పదన్న ఉద్దేశంతో, మిగతావారు భోజనానికి బయటకు వెళ్లినప్పుడు వీరిద్దరూ స్టూడియోలోనే ఉండిపోయారనీ, అక్కడే ఈ పాట రూపం తీసుకుందనీ ఆ స్టూడియోవారు తర్వాత చెప్పుకున్నారు.

ఈ పాటను దగ్గరగా వినడం అవసరం. మొదటి సగంలో డ్వేన్ దాదాపు కనిపించకుండా ఉంటాడు. పికెట్ ఒక్కో పాదాన్ని సాగదీసి వదిలిన చోట రెండు మూడు స్వరాలు, అవి కూడా గాయకుడి స్థాయిని మించకుండా, పలికి తప్పుకుంటాడు. ఆ తర్వాత పల్లవి దాటి పాట చివరి భాగంలోకి అడుగు పెట్టే క్షణంలో పికెట్ ఒక కేక వేస్తాడు. సరిగ్గా అక్కడ రోజర్ హాకిన్స్ డ్రమ్స్ గేరు మారుస్తాయి, హార్న్ సెక్షన్ (ఊదే వాద్యాల బృందం) ఒకే వరుసను తిరిగి తిరిగి వాయిస్తుంది, డ్వేన్ గిటారు కట్టలు తెంచుకుంటుంది. నాకు ఆశ్చర్యం కలిగించేది ఆ వేగం కాదు. పికెట్ అరుస్తున్నంతసేపూ అతను ఆ అరుపుకు అడ్డం రాడు. గొంతు పైకి పోతే గిటారు కింది తీగల్లోకి దిగుతుంది, గొంతు ఆగితే పైకి లేస్తుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నా ఇద్దరి మాటా స్పష్టంగా వినిపిస్తుంది. అమెరికా దక్షిణాది రాక్ అనే సంగీతం ఇక్కడే పుట్టిందని ఆ రోజు పక్కనే ఉన్న జిమ్మీ జాన్సన్ తర్వాత అన్నాడు, అందులో అతిశయోక్తి ఉందని నేను అనుకోను. ఈ పాట విని బ్రిటిష్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ అట్లాంటిక్ రికార్డ్స్‌వారికి ఫోన్ చేసి, ఆ గిటారు వాయించినది ఎవరని అడిగాడు. అట్లాంటిక్‌లో నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ కూడా ఇదే విని డ్వేన్ కాంట్రాక్టును రిక్ హాల్ దగ్గర నుంచి కొనుక్కున్నాడు.

అదే కాలంలో క్లారెన్స్ కార్టర్ పాడిన 'ద రోడ్ ఆఫ్ లవ్' ఈ సంకలనంలో స్లయిడ్ గిటారుకు, అంటే గాజును తీగల మీద జరుపుతూ వాయించే పద్ధతికి, తలుపు తీస్తుంది. డ్వేన్ స్లయిడ్ మొదలుపెట్టి అప్పటికి ఎంతో కాలం కాలేదు. తాజ్ మహల్ అనే బ్లూస్ గాయకుడి రికార్డులో జెస్సీ ఎడ్ డేవిస్ వాయించిన స్లయిడ్ విని అతనికి ఆ పిచ్చి పట్టుకుంది. జలుబు చేసి పడుకున్నప్పుడు తమ్ముడు తెచ్చిన కోరిసిడిన్ మాత్రల సీసా ఖాళీ చేసి, ఆ చిన్న గాజు సీసానే ఉంగరపు వేలికి తొడుక్కుని సాధన చేశాడు. చివరిదాకా ఆ సీసాలే వాడాడు. క్లారెన్స్ కార్టర్ పాట మధ్యలో ఆ స్లయిడ్ వినిపించగానే, ఇప్పుడు వింటున్నది తనకు నచ్చిందని గాయకుడు పాటలోనే పైకి అనేస్తాడు. ఆ మాటను తీసేయకుండా రికార్డులో అలాగే ఉంచినందుకు ఫేమ్‌వారికి ఎంతో కృతజ్ఞుడిని.

స్లయిడ్ ఎలా పనిచేస్తుందో తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. మామూలుగా గిటారు మీద వేలు తీగను ఫ్రెట్ వెనక నొక్కుతుంది, స్వరస్థానాన్ని ఆ లోహపు కమ్మీయే నిర్ణయిస్తుంది. స్లయిడ్‌లో తీగను నొక్కరు, గాజును తీగ మీద ఆనించి జరుపుతారు, అప్పుడు ఫ్రెట్ ఒక గుర్తు మాత్రమే. గాజు సరిగ్గా దాని మీదే నిలవాలి, వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా శ్రుతి తప్పుతుంది. వాయించేవారి చెవి తప్ప మరో ఆధారం ఉండదు. డ్వేన్ ఎక్కువగా తీగలన్నీ కలిపి మీటితే ఇ మేజర్ కార్డ్ పలికే ఓపెన్ శ్రుతిలో స్లయిడ్ వాయించేవాడు. పిక్ పక్కన పెట్టి కుడిచేతి వేళ్లతో మీటేవాడు, పలకకూడని తీగలను ఆ వేళ్లతోనే అణచిపెట్టేవాడు, గాజు వెనక మిగిలిన తీగ భాగం రొద చేయకుండా ఎడమచేతి వేళ్లను దాని మీద ఆనించేవాడు. అతని స్లయిడ్ మనిషి గొంతులా వినిపించడానికి జారుడు ఎంత కారణమో, ఈ అణచివేత కూడా అంతే కారణం. ఒక్కొక్క స్వరం విడిగా, శుభ్రంగా, దాని చుట్టూ నిశ్శబ్దంతో వస్తుంది.

సోల్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ పాడిన 'ద వెయిట్' ఈ శుభ్రతకు మంచి ఉదాహరణ. 1969 జనవరిలో న్యూయార్క్‌లో రికార్డు చేసిన ఆ పాట డ్వేన్ స్లయిడ్‌తోనే తెరుచుకుంటుంది. ఆమె గొంతు ప్రవేశించాక అతను ఎంత తగ్గాలో అంతా తగ్గాడు. అంత గొంతు ముందు నిలబడి తన సత్తా చూపించాలన్న కోరిక ఏ ఇరవై రెండేళ్ల కుర్రవాడికైనా కలుగుతుంది. ఇతను మాత్రం ఆమె విడిచిన జాగాలో ఒక వరుస పలికి ఊరుకున్నాడు. ఆ తర్వాత వచ్చే 'గేమ్స్ పీపుల్ ప్లే' శాక్సఫోన్ విద్వాంసుడు కింగ్ కర్టిస్‌ది, 1970లో రిథమ్ అండ్ బ్లూస్ వాద్యసంగీత విభాగంలో గ్రామీ అందుకుంది. ఇద్దరి మధ్య మంచి స్నేహం ఉండేది. 1971 ఆగస్టులో కింగ్ కర్టిస్ న్యూయార్క్‌లో హత్యకు గురయ్యాడు, రెండున్నర నెలలకు డ్వేన్ కూడా పోయాడు. ఆ సంగతి తెలిశాక ఈ హుషారైన పాటను పూర్తి హుషారుతో వినడం నాకు సాధ్యం కావడం లేదు.

ఇక 'లోన్ మీ ఎ డైమ్'. సంకలనంలో ఇంకేమీ లేకపోయినా దీని కోసం కొనవచ్చునని నేను నమ్ముతాను. గాయకుడు బాజ్ స్కాగ్స్ 1969లో అట్లాంటిక్‌కు చేసిన ఆల్బమ్‌లోది, మజిల్ షోల్స్ సౌండ్‌లో రికార్డు చేశారు, నిడివి సుమారు 13 నిమిషాలు. షికాగో బ్లూస్ కళాకారుడు ఫెంటన్ రాబిన్సన్ రాసిన పాట ఇది. మొదట్లో ఆల్బమ్ మీద రచయితగా స్కాగ్స్ పేరే అచ్చయింది, రాబిన్సన్‌కు ఆ గుర్తింపు దక్కడానికి కొంత కాలం పట్టింది. పేరు లేకుండా పనిచేసిన ఒక వాద్యకారుడి పనిని వెలికితీసిన ఈ సంకలనం గురించి మాట్లాడేటప్పుడు, అతను వాయించిన పాటకే అసలు రచయిత పేరు మరుగున పడిందన్న సంగతి కూడా చెప్పుకోవడం న్యాయమనిపిస్తుంది.

పాట నెమ్మదిగా, చాలా నెమ్మదిగా మొదలవుతుంది. బెకెట్ కీబోర్డు దారి పరుస్తుంది. స్కాగ్స్ గొంతు అలసిపోయిన మనిషి గొంతు. ఒంటరితనంలో ఫోన్ చేసుకోవడానికి పది సెంట్ల నాణెం అప్పు అడుగుతున్న మనిషి అతను. డ్వేన్ ఇక్కడ ఎక్కువగా స్లయిడ్ జోలికి పోకుండా వేళ్లతో తీగలు వంచుతూ వాయిస్తాడు. మొదటి చరణాల్లో గిటారు మాట ముగిసిన చోట కొద్దిగా మూలుగుతుంది, అంతే. స్కాగ్స్ పాడటం ఆపేశాక కూడా పాట ఇంకా చాలా మిగిలి ఉంటుంది. అక్కడి నుంచి హాకిన్స్, హుడ్ లయను కొంచెం కొంచెంగా బిగిస్తారు, హార్న్ సెక్షన్ వచ్చి చేరుతుంది, డ్వేన్ ఒక్కో ఆవృత్తంలో ఒక్కో మెట్టు ఎక్కుతాడు. శిఖరం వచ్చేసిందని మనం అనుకున్న చోట మరో మెట్టు ఉంటుంది. ఇందులో నేను పదేపదే వెనక్కి వెళ్లి వినే చోటు, లయ రెట్టింపు వేగానికి మారే ముందరి కొన్ని క్షణాలు. అక్కడ డ్వేన్ ఒకే చిన్న స్వరగుచ్ఛాన్ని పట్టుకుని వదలకుండా తిప్పుతాడు, డ్రమ్మర్ దాన్ని విని తన దెబ్బలు మారుస్తాడు, ఆ తర్వాతే అందరూ కలిసి పరుగు మొదలుపెడతారు. కొత్త వేగానికి సంకేతం ఇచ్చినది ఎవరు, అందుకున్నది ఎవరు అని విడదీసి చెప్పడం కష్టం. సెషన్ వాయింపులో ఇంతకన్నా ఎత్తైన స్థాయి నేను వినలేదు.

దీని పక్కన 'గోయిన్ డౌన్ స్లో' పెట్టి వింటే నా మొదటి మాటకు మరో ఆధారం దొరుకుతుంది. సెయింట్ లూయిస్ జిమ్మీ ఓడెన్ రాసిన ఈ పాత బ్లూస్‌ను 1969 ఫిబ్రవరిలో ఫేమ్‌లో డ్వేన్ స్వయంగా పాడాడు. సొంత ఆల్బమ్ చేద్దామన్న ప్రయత్నంలో భాగమది, ఆ ఆల్బమ్ పూర్తి కాలేదు. డ్వేన్ గొంతు పలచన. శ్రుతిలో ఉంటుంది, నిజాయతీ ఉంటుంది, కానీ తమ్ముడి గొంతులోని బరువు లేదు. బేస్ మీద బెర్రీ ఓక్లీ, డ్రమ్స్ మీద జానీ శాండ్లిన్, పియానో మీద పాల్ హార్న్స్‌బీ చక్కగా సహకరించినా, తన గొంతుకు తానే జవాబిచ్చుకుంటున్న గిటారు కొంత ఇబ్బంది పడుతున్నట్టే వినిపిస్తుంది. ఎదుట మరో మనిషి, మరో గొంతు ఉన్నప్పుడు వచ్చే నిప్పు ఇక్కడ రాజుకోలేదు. అయినా ఈ పాటను సంకలనంలో చేర్చడం మంచి పని. గాయకుడిగా పేరు తెచ్చుకునే ఆలోచన మానుకుని, గ్రెగ్‌ను పిలిపించి, ఆ మార్చిలో ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్‌ను కట్టిన నిర్ణయం ఎంత సరైనదో ఇది వింటే అర్థమవుతుంది.

రెండో రికార్డు మీద నాకు కొన్ని అభ్యంతరాలున్నాయి. డెలనీ అండ్ బోనీ జంట, గాయకుడు జానీ జెంకిన్స్ పాటలు బాగున్నాయి. కౌబాయ్ అనే బృందం పాడిన 'ప్లీజ్ బీ విత్ మీ'లో డ్వేన్ డోబ్రో (లోహపు పళ్లెం అమర్చిన ఒక రకం గిటారు) వాయించాడు, ఎక్కడా గొంతు పెంచకుండా ఎంత చెప్పవచ్చో తెలియడానికి ఆ ఒక్క పాట చాలు. క్లాప్టన్, డ్వేన్ కలిసి చేసిన 'మీన్ ఓల్డ్ వరల్డ్' కూడా విలువైనదే. 1970లో మయామిలోని క్రైటీరియా స్టూడియోలో, నిర్మాత టామ్ డౌడ్ పర్యవేక్షణలో, క్లాప్టన్ బృందం 'లైలా' ఆల్బమ్ చేస్తున్నప్పుడు రికార్డు చేసి పక్కన ఉంచిన ఆ పాటను ఈ సంకలనమే బయటకు తెచ్చింది. కానీ 'లైలా' పాటనే మళ్లీ ఇక్కడ పెట్టడం వల్ల ఏం ఒరిగిందో నాకు అర్థం కాలేదు. ఆ పాట మొదట్లో వచ్చే ప్రసిద్ధమైన వరుస ఆల్బర్ట్ కింగ్ పాడిన ఒక బ్లూస్ బాణీని వేగం పెంచి డ్వేన్ మలిచినదే కాబట్టి అతని చరిత్రలో దానికి స్థానం ఉంది, నిజమే. అయితే 1972లో ఈ సంకలనం కొన్నవారిలో చాలామంది దగ్గర ఆ పాట ముందే ఉండి ఉంటుంది. నాలుగో వైపు మొత్తం ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్ పాటలే. ఒక్క 'లిటిల్ మార్తా'ను మాత్రం నేను ఎన్నటికీ వదులుకోను. బృందంలోని మరో గిటారిస్టు డికీ బెట్స్‌తో కలిసి డ్వేన్ అకూస్టిక్ గిటారు మీద వాయించిన ఈ చిన్న యుగళం, బృందం రికార్డుల్లో పూర్తిగా అతని ఒక్కడి పేరు మీద ఉన్న ఏకైక రచన. మిగతా చోటును సెషన్లకే ఇచ్చి ఉంటే బాగుండేది.

ఆ లోటు గ్రహించినట్టుగానే 1974లో రెండో సంపుటం వచ్చింది. పికెట్, అరీతా, కింగ్ కర్టిస్, స్కాగ్స్ మళ్లీ ఉన్నారు, వారితో పాటు రానీ హాకిన్స్, ఆర్థర్ కాన్లీ, గాయని లూలూ, వేణువాద్యకారుడు హెర్బీ మాన్ చేరారు. ఎన్ని రకాల సంగీతకారుల పక్కన అతను నిలబడగలిగాడో చూపించడానికి ఆ పట్టిక సరిపోతుంది. నాణ్యత మాత్రం మొదటి దానంత సమంగా లేదు. చాలా కాలం తర్వాత 2013లో రౌండర్ రికార్డ్స్ 'స్కైడాగ్' పేరుతో 7 సీడీల, 129 పాటల పెట్టెను విడుదల చేసింది, డ్వేన్ కుమార్తె గాలడ్రియెల్ ఆల్‌మన్, బిల్ లెవెన్సన్ కలిసి దాన్ని రూపొందించారు. పికెట్ పెట్టిన 'స్కైమన్' అన్న ముద్దుపేరుకు పాత మారుపేరు 'డాగ్' కలిసి వచ్చిందే ఆ స్కైడాగ్. పరిశోధించాలనుకునేవారికి అది తప్పనిసరి. కాలక్రమంలో అన్నీ ఉన్నాయి, తొలినాళ్ల కుర్రతనపు పాటలతో సహా.

అయినా డ్వేన్‌ను ఇంకా విననివారు అడిగితే నేను చేతికిచ్చేది 1972 నాటి రెండు ఎల్‌పీలనే. అది కూడా మొదటి రికార్డు రెండో వైపు నుంచి మొదలుపెట్టమంటాను. అరీతా, కింగ్ కర్టిస్, స్కాగ్స్ అక్కడే ఉన్నారు. తర్వాత వెనక్కి తిప్పి పికెట్‌ను వినవచ్చు, 'లైలా' దాకా రావడానికి తొందర ఏమీ లేదు.